మోకాలి వెనక నీటితిత్తి, చిన్న రంధ్రాల శస్త్రచికిత్స: తరచుగా అడిగే ప్రశ్నలు

మోకాలి నొప్పితో వచ్చినవారు కుర్చీలో కూర్చుని కాలు ముందుకు చాపుతారు. నీటితిత్తి ఉన్నవారు లేచి నిలబడి, అటు తిరిగి, చీర కుచ్చెళ్లు కాస్త పైకెత్తో ప్యాంటు మడిచో మోకాలి వెనక గుంటలో వేలు పెట్టి చూపిస్తారు. "ఇదుగో డాక్టరుగారూ, ఇది తీసేస్తే చాలు" అంటారు. బాధ అక్కడ ఉంది కాబట్టి చూపూ అక్కడే ఉంటుంది. నేను మాత్రం వారిని మళ్లీ కూర్చోబెట్టి ముందువైపు నుంచి పరీక్ష మొదలుపెడతాను. ఎముకలు, కీళ్ల శస్త్రవైద్యుడిగా ఈ విషయంలో నన్ను పదే పదే అడిగే ప్రశ్నలివి. గడ్డ వెనక కనిపించినా జబ్బు కీలు లోపల ఉంటుందన్న మాట జవాబుల్లో మళ్లీ మళ్లీ వస్తుంది. అది మనసుకు పట్టేదాకా చెప్పడం నా పని అనుకుంటాను.

ఆ గడ్డలో ఏముంటుంది?

కీలు ద్రవం. మోకీలు రాపిడి లేకుండా కదలడానికి దాని లోపలి పొర కొద్దిపాటి జిగురు ద్రవాన్ని ఊరిస్తుంది. మోకాలి వెనక, కాస్త లోపలి వైపుకు, పిక్క కండరం పైకొస ఒకటి ఉంటుంది. దాని పక్క నుంచే తొడ వెనక కండరపు తాడు ఒకటి కిందికి దిగుతుంది. ఈ రెండూ ఒరుసుకోకుండా మధ్యలో సహజంగానే ఒక పలుచని తిత్తి ఉంటుంది. అందులోకి కీలు ద్రవం చేరి ఉబ్బితే చేతికి గడ్డలా తగులుతుంది. నిమ్మకాయంత ఉండవచ్చు, కోడిగుడ్డంత ఉండవచ్చు, ఒక్కోసారి పిక్కలోకి జారి పొడుగ్గా సాగవచ్చు. స్కానింగ్ రిపోర్టులో దీన్నే పాప్లిటియల్ సిస్ట్ అనో బేకర్స్ సిస్ట్ అనో రాస్తారు. అది కొత్తగా మొలిచిన కండ కాదు, ఉన్న సంచే నిండింది.

బేకర్ అంటే ఎవరు?

విలియం మోరంట్ బేకర్, లండన్‌లోని సెయింట్ బార్తలోమ్యూ ఆసుపత్రి శస్త్రవైద్యుడు. ఈ తిత్తులకూ మోకాలి జబ్బుకూ సంబంధం ఉందని 1877లో వివరంగా రాశారు. అంతకుముందే 1840లో డబ్లిన్ వైద్యుడు రాబర్ట్ ఆడమ్స్ వీటిని గుర్తించినా పేరు బేకర్‌దే నిలిచింది. దాదాపు నూట యాభై ఏళ్ల కిందటే ఆయన కీలు వైపు వేలు చూపించారు. ఇప్పటికీ మనం గడ్డనే చూస్తూ ఉండిపోవడం నాకు బాధ కలిగించే విషయం.

నీరు వెనక్కే ఎందుకు వెళ్తుంది? వెళ్లింది తిరిగి ఎందుకు రాదు?

చాలామంది పెద్దవారిలో కీలు వెనక గోడకు, లోపలి వైపున, ఒక సన్నని అడ్డచీలిక ఉంటుంది. వయసు మీదపడి గోడ పలచబడేకొద్దీ అలాంటి దారి ఉన్నవారి సంఖ్య పెరుగుతుంది. కీలులో ద్రవం ఎక్కువైనప్పుడు అది ఆ చీలిక గుండా వెనక తిత్తిలోకి పోతుంది. చీలిక అంచున పొర ఒక మడతలా వేలాడుతూ ఉంటుంది. పంపుసెట్టు అడుగున ఫుట్‌వాల్వు ఎలా పనిచేస్తుందో చూసినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది. నీటిని పోనిస్తుంది, వెనక్కి రానివ్వదు. మోకాలు మడిచినప్పుడు దారి తెరుచుకుంటుంది. నిటారుగా చాపినప్పుడు రెండు కండరాలూ బిగిసి దారిని నొక్కేస్తాయి, లోపలికి పోయిన ద్రవం అక్కడే చిక్కుకుపోతుంది. పోనుపోను నీటిభాగం ఇంకిపోయి మిగిలింది ఆముదంలా చిక్కబడుతుంది.

దీన్ని మీరే ఇంట్లో చూసుకోవచ్చు. కాలు పూర్తిగా చాపి గడ్డను తాకితే గట్టిగా ఉంటుంది. మోకాలిని సగం మడిచి తాకితే మెత్తబడుతుంది, కొందరిలో చేతికి దొరకనే దొరకదు. ఫ్రెంచి వైద్యుడు ఫూషే పేరుతో పిలిచే పరీక్ష ఇదే. చాపినా మడిచినా ఒకేలా గట్టిగా ఉండే గడ్డ అయితే నేను ఆగి ఆలోచిస్తాను.

కీలులో ఏ లోపం ఉంటే ఇలా జరుగుతుంది?

పెద్దవారిలో ఎక్కువగా కనిపించేవి రెండు: మోకాలి అరుగుదల, మెనిస్కస్ చిరుగు. మెనిస్కస్ అంటే తొడ ఎముకకూ కాలి ఎముకకూ మధ్య నెలవంక ఆకారంలో ఉండే మెత్త. వాడుకలో "గుజ్జు" అనేది ఒక్కోసారి దీన్ని, ఒక్కోసారి ఎముక చివర నున్నగా ఉండే మృదులాస్థిని. లోపలి వైపు మెనిస్కస్ వెనక కొన చిరిగినవారిలో ఈ తిత్తి తరచుగా చూస్తాం. కీళ్లవాతం, గౌట్ (యూరిక్ ఆమ్లం పేరుకుని వచ్చే కీలు జబ్బు), పాత దెబ్బకు తెగిన లిగమెంటు (ఎముకలను కలిపి పట్టే పట్టీ) కూడా కారణం కావచ్చు. వీటన్నిటిలో జరిగేది ఒకటే. కీలు లోపల చికాకు పుడుతుంది, లోపలి పొర ఎక్కువ ద్రవం ఊరిస్తుంది, ఎక్కువైంది వెనక్కి పోతుంది. చెరువు నిండితే అలుగు పారుతుంది. అలుగుకు అడ్డం కట్టి ప్రయోజనం లేదు, పైనుంచి వచ్చే వాగును చూడాలి.

ఇది క్యాన్సర్ కాదు కదా?

నీటితిత్తి క్యాన్సర్ కాదు, క్యాన్సర్‌గా మారదు. అయితే మోకాలి వెనక ఉన్న ప్రతి గడ్డా నీటితిత్తి కాదు. అక్కడ కొవ్వుగడ్డ ఉండవచ్చు, అరుదుగా మెత్తటి కండలో పుట్టే చెడ్డ కణితి ఉండవచ్చు. ఆ గుంట గుండా పోయే పెద్ద ధమని ఉబ్బి కూడా గడ్డలా కనిపించవచ్చు. చెయ్యి వేస్తే గుండెతో పాటు కొట్టుకునే గడ్డలో ఎవరినీ సూది పొడవనివ్వకండి. వేగంగా పెరిగే గడ్డ, రాత్రిళ్లు నిద్ర లేపే నొప్పి, గుంటలో లోపలి వైపు కాక మరోచోట ఉండే గట్టి ముద్ద ఉంటే స్కానింగ్ చేయకుండా ఏ చికిత్సకూ ఒప్పుకోవద్దు.

ఏ పరీక్షలు చేస్తారు?

అల్ట్రాసౌండు చవకైనది, నొప్పి లేనిది. లోపల ఉన్నది నీరా కండా, రక్తనాళం సంగతేమిటి అన్నవి అక్కడికక్కడే తేలుతాయి. నిలబడి తీసే ఎక్స్‌రేలో అరుగుదల ఎంతో తెలుస్తుంది. పడుకుని తీస్తే ఎముకల మధ్య సందు ఉన్నదానికన్నా ఎక్కువగా కనిపించి మోసం చేస్తుంది కాబట్టి నిలబెట్టి తీయమని అడగండి. ఆపరేషన్ ఆలోచన ఉంటే ఎంఆర్‌ఐ తప్పదు. అందులో తిత్తి తెల్లగా, రెండు కండరాల సందులోంచి తోక ముందుకు సాగిన కామా గుర్తులా కనిపిస్తుంది. ఆ తోక ఎటు పోతోందో చూస్తే కీలులోకి దారి ఎక్కడుందో తెలుస్తుంది. మెనిస్కస్, మృదులాస్థి, లిగమెంట్ల స్థితి కూడా ఆ ఫిల్ములోనే కనిపిస్తుంది.

ఉన్నట్టుండి పిక్క వాచి, ఎర్రబడి, అడుగు వేయలేకపోతున్నారు. తిత్తి పగిలిందా?

కావచ్చు. మెట్లు దిగుతూనో కింద నుంచి లేస్తూనో ఉండగా పిక్కలో వేడినీళ్లు పారినట్టు అనిపించిందని కొందరు చెబుతారు. ద్రవం కండరాల మధ్యకు పాకి వాపు, ఎరుపు, మంట వస్తాయి. కొద్ది రోజులకు చీలమండ లోపలి ఎముక కింద నెలవంకలా కమిలిన మచ్చ కనిపిస్తే అనుమానం బలపడుతుంది.

కానీ కాలి లోతు సిరల్లో రక్తం గడ్డకట్టినా పిక్క అచ్చం ఇలాగే ఉంటుంది. ఆ గడ్డ జారి ఊపిరితిత్తులకు చేరితే ప్రాణం మీదికి వస్తుంది. పైకి చూసి ఈ రెంటినీ విడదీయడం అనుభవం ఉన్న వైద్యుడికీ కష్టమే. పైగా పెద్ద తిత్తి సిరను నొక్కడం వల్ల రెండూ ఒకేసారి ఉన్న రోగులూ ఉంటారు. అందుకే సిరల్లో రక్తం పారుతోందో లేదో చూపే డాప్లర్ స్కానింగ్ అదే రోజు చేయించాలి. తేలకముందే రక్తం పలచబరిచే మందు వేసుకుంటే పగిలిన తిత్తి నుంచి పిక్కలోకి రక్తస్రావం కావచ్చు. వేసుకోవలసినప్పుడు మానితే ఇంకా పెద్ద ప్రమాదం.

ఒక పెద్దావిడ గుర్తున్నారు. పిక్క పట్టేసిందనుకుని ఇంట్లోవాళ్లు మూడు రోజులు వేడి నూనెతో మర్దన చేశారు. నా ముందు పడుకోబెట్టి రెండు పిక్కలకూ టేపు చుట్టి కొలిస్తే నాలుగు సెంటీమీటర్ల తేడా వచ్చింది. చర్మం సాగి మెరుస్తోంది. అదృష్టం కొద్దీ ఆమెది పగిలిన తిత్తే, సిరలు శుభ్రంగా ఉన్నాయి. కాలు ఎత్తి పెట్టి విశ్రాంతి తీసుకుంటే మూడు వారాల్లో తగ్గింది. సిరలో గడ్డ ఉండి ఉంటే ఆ మర్దన ఏం చేసి ఉండేదో ఇప్పటికీ తలుచుకోలేను. వాచి వేడిగా ఉన్న పిక్కను ఎవరూ రుద్దకండి. ఆయాసం, గుండెలో పోటు కూడా ఉంటే 108కి ఫోను చేయండి.

ఆపరేషన్ అందరికీ అవసరమా?

లేదు. ఈ మాట నేను గట్టిగా చెబుతాను. నొప్పి లేని తిత్తి ఉంటే ఉండనివ్వండి. వేరే పని మీద తీసిన స్కానింగ్‌లో బయటపడిన తిత్తి కోసం ఎవరూ బల్ల ఎక్కనక్కర్లేదు. నొప్పి ఉన్నవారిలో కూడా బరువు తగ్గడం, తొడ ముందు కండరానికి బలం పెంచడం, మంట తగ్గించే మందులు, కీళ్లవాతానికి సరైన చికిత్స, వీటితో చాలామందికి కీలులో నీరు తగ్గి తిత్తి దానంతటదే ముడుచుకుంటుంది. మూడు నుంచి ఆరు నెలలు నిజాయితీగా ఇలా ప్రయత్నించాకే ఆపరేషన్ మాట ఎత్తుతాను.

అరుగుదల బాగా ముదిరిన మోకాలికి కెమెరా పెట్టి కడిగి శుభ్రం చేస్తే బాగవుతుందని ఒకప్పుడు నమ్మేవారు. 2002లో అమెరికాలోని హ్యూస్టన్‌లో 180 మంది రోగులతో ఒక పరీక్ష జరిగింది. కొందరికి నిజంగా చేశారు, కొందరికి చర్మం మీద గాట్లు మాత్రమే పెట్టారు. ఎవరికి ఏది చేశారో రోగులకు తెలియదు. రెండేళ్ల తరువాత చూస్తే రెండు వర్గాలకూ తేడా లేదు. 2017లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన మార్గదర్శకాలు కూడా అరుగుదల మోకాళ్లకు ఇలాంటి ఆపరేషన్ వద్దనే గట్టిగా చెప్పాయి. కాబట్టి ఎముకకు ఎముక ఒరుసుకునే దశలో ఉన్నవారికి తిత్తి పేరు చెప్పి చిన్న రంధ్రాల ఆపరేషన్ చేయడం నాకు సమ్మతం కాదు. వారికి కీలుమార్పిడి అవసరమా అన్నదే సరైన ప్రశ్న.

మరి ఎవరికి చేస్తాను? తిత్తి వల్ల మోకాలు మడవలేనివారికి, నరం మీదో సిర మీదో ఒత్తిడి ఉన్నవారికి, ఓపికగా చేసిన వైద్యానికి లొంగనివారికి. సరిచేయదగ్గ మెనిస్కస్ చిరుగో మరో లోపమో ఉండి, మృదులాస్థి ఇంకా బాగానే ఉన్నవారికి ఫలితం బాగుంటుంది.

సూదితో నీరు తీయించుకుంటే చాలదా?

అల్ట్రాసౌండులో చూస్తూ సూదితో ద్రవం లాగి స్టెరాయిడ్ మందు ఎక్కించడం తప్పు పద్ధతి కాదు. బిగుతు వెంటనే తగ్గుతుంది. పెళ్లి పనుల్లోనో ప్రయాణంలోనో ఉన్నవారికి కొన్ని వారాలు, నెలలు ఊరట ఇస్తుంది. కానీ దారి అలాగే ఉంది, ఊట అలాగే ఉంది, మళ్లీ నిండుతుంది. షుగరు ఉన్నవారికి ఈ మందు తరువాత కొన్ని రోజులు రక్తంలో చక్కెర పెరుగుతుంది, చూసుకుంటూ ఉండాలి. చిక్కబడిన ద్రవం సన్న సూదిలోకి రాదు కూడా. స్కానింగ్ లేకుండా చేతి అంచనాతో వెనక గుంటలో సూది గుచ్చడం మాత్రం వద్దు. అక్కడ ధమని, సిర, నరం మూడూ పక్కపక్కనే ఉంటాయి.

మా బాబుకు ఆరేళ్లు. వాడికీ ఇదే ఆపరేషన్ చేయాలా?

పిల్లల సంగతి వేరు. వారిలో ఈ తిత్తికి సాధారణంగా కీలుతో సంబంధం ఉండదు, కీలులో జబ్బూ ఉండదు. అల్ట్రాసౌండులో నీరేనని తేలితే అలా వదిలేయండి. ఎక్కువమందిలో ఏడాది రెండేళ్లలో పోతుంది. వాడిని ఆడుకోనివ్వండి.

వెనక కోసి గడ్డ మొత్తం తీసేస్తే పీడ విరగడవుతుంది కదా?

పాత పద్ధతి అదే. బోర్లా పడుకోబెట్టి, మోకాలి వెనక వంకర కోత పెట్టి, తిత్తిని అది కీలును కలిసే చోటుదాకా తవ్వి తీసేవారు. 1979లో స్వీడన్ వైద్యులు రౌష్నింగ్, లిండ్‌గ్రెన్ ఇలా చేయించుకున్న 40 మందిని మళ్లీ పరీక్షించి చూస్తే 63 శాతం మందిలో తిత్తి తిరిగి వచ్చింది. ఆ అంకె చూశాక గడ్డ ఒక్కదాన్నే తీయడంలో అర్థం లేదని వైద్యలోకం గ్రహించింది. పైగా వెనక కోత మానడం ఆలస్యం, మచ్చ బిగుసుకుంటే కాలు పూర్తిగా చాపలేరు. కొన్ని సందర్భాల్లో ఇప్పటికీ కోత పద్ధతి అవసరమవుతుంది. తిత్తికి కీలుతో దారి లేనప్పుడు, లోపల గట్టి ముద్దలున్నప్పుడు, కణితి అనుమానం ఉన్నప్పుడు అదే సరైనది.

చిన్న రంధ్రాల ఆపరేషన్‌లో అసలు ఏం చేస్తారు?

మోకాలి లోపలికి గొట్టం పెట్టి చూడవచ్చని 1918లో టోక్యోలో కెంజి తకాగి చేసి చూపించారు. మూత్రాశయం చూసే గొట్టంతో ఒక శవం మోకాలిలోకి చూశారాయన. ఆయన శిష్యుడు మసాకి వతనబే దాన్ని చికిత్సకు పనికొచ్చే సాధనంగా తీర్చిదిద్దారు. ఇప్పుడు మేం వాడే ఆర్థ్రోస్కోపు పెన్సిలు కన్నా సన్నం, 4 మిల్లీమీటర్లు. దాని కొస 30 డిగ్రీలు ఏటవాలుగా ఉంటుంది, తిప్పితే మూలలు కూడా కనిపిస్తాయి. వెనక మూలకు కొందరు 70 డిగ్రీలది వాడతారు.

రోగి వెల్లకిలా పడుకుంటారు. కాలికి రక్తం పారకుండా ఆపే గాలిపట్టీ తొడకు వేస్తాం. మోకాలి చిప్పకు కింద అటొకటి ఇటొకటి, అర సెంటీమీటరు గాట్లు రెండు. ఒకదాన్లోంచి కెమెరా, మరోదాన్లోంచి పనిముట్లు. సెలైన్ పారిస్తూ కీలును ఉబ్బించి మొదట మొత్తం కలియచూస్తాం. చిరిగిన మెనిస్కస్‌ను కుట్టగలిగితే కుడతాం, లేకపోతే వేలాడే ముక్కను మాత్రమే కత్తిరిస్తాం. ఊడిన మృదులాస్థి ముక్కలను తీసేస్తాం. అసలు జబ్బుకు వైద్యం ఇక్కడే జరుగుతుంది.

తరువాత మోకాలిని 90 డిగ్రీలు మడుస్తాం. అలా మడిస్తే వెనక ఉన్న రక్తనాళాలు, నరం వెనక గోడ నుంచి కాస్త దూరం జరుగుతాయి. మధ్యలో ఉన్న లిగమెంటుకూ తొడ ఎముక గుండుకూ నడుమ సందులోంచి కెమెరాను కీలు వెనక భాగంలోకి, అంటే వెనక గదిలోకి పంపుతాం. ఆపరేషన్ థియేటర్‌లో దీపాలు ఆర్పితే కెమెరా వెలుగు లోపలి నుంచి చర్మం మీద ఎర్రటి దివ్వెలా పడుతుంది, ఆ వెలుగులో చర్మం కింది సిర నల్లని గీతలా కనిపిస్తుంది. దాన్ని తప్పించి, ముందు సూది గుచ్చి చూసుకుని, లోపలి వైపు వెనకగా మూడో గాటు పెడతాం.

ఇక తెర మీద వెనక గోడ కనిపిస్తుంది. దారి ఎక్కడుందో ఒక్కోసారి వెంటనే కనబడదు, పొర మడత కప్పేసి ఉంటుంది. అప్పుడు సహాయకుడు బయటి నుంచి గడ్డను అరచేత్తో నెమ్మదిగా నొక్కుతాడు. మడత కింద నుంచి పసుపుపచ్చని చిక్కటి ద్రవం తీగలా సాగుతూ స్వచ్ఛమైన సెలైన్‌లోకి జారుతుంది. ఎన్నిసార్లు చూసినా ఆ క్షణంలో నా చెయ్యి ఒక్క లిప్త ఆగుతుంది. అదే దారి, అదే వాల్వు. తిరిగే చిన్న కత్తి, షేవర్ అంటాం, దానితో ఆ మడతను కత్తిరించి చీలికను వెడల్పు చేస్తాం. ఒకవైపే తెరుచుకునే తలుపు ఊడి రెండువైపులా రాకపోకలు సాగే దారి అవుతుంది. ఇకమీదట ద్రవం వచ్చినా తిత్తిలో చిక్కుకోదు, కీలులోకి తిరిగి వచ్చి ఇంకిపోతుంది. తిత్తి లోపల గదులు, అడ్డుపొరలు ఉంటే వాటినీ తెరుస్తాం.

తిత్తి గోడను కూడా పూర్తిగా తీసేయాలా?

శస్త్రవైద్యుల్లోనే రెండు అభిప్రాయాలున్నాయి. గోడను కూడా తీసేస్తే తిరిగి వచ్చే అవకాశం ఇంకా తగ్గుతుందని కొందరు, దారి తెరిస్తే చాలు, గోడ జోలికి పోతే రక్తస్రావం, నరాలకు ముప్పు పెరుగుతాయని కొందరు. పలుచని తిత్తికి నేను దారి తెరిచి ఆగుతాను. గోడ మందంగా, అడ్డుపొరలతో ఉంటే లోపలి పొరను గీస్తాను. ధమని వైపు ఉన్న గోడను మాత్రం ముట్టుకోను.

మత్తు, సమయం, ఆసుపత్రిలో ఉండాల్సిన రోజులు?

ఎక్కువగా నడుముకు ఇంజెక్షన్ ఇచ్చి కింది భాగాన్ని మొద్దుబారుస్తారు. మెలకువగానే ఉంటారు, ఇష్టమైతే తెర చూడవచ్చు. మెనిస్కస్ పని ఎంత ఉందన్నదాన్ని బట్టి ముప్పావు గంట నుంచి గంటన్నర. అదే రోజు లేదా మర్నాడు ఇంటికి.

ప్రమాదాలు ఏమిటి?

ఉన్నాయి, దాచకూడదు. వెనక గాటు దగ్గర చర్మపు నరం దెబ్బతింటే కాలి లోపలి వైపు తిమ్మిరి ఉండిపోవచ్చు. పిక్కలో రక్తం చేరి కమలవచ్చు. చీము పట్టడం, సిరలో రక్తం గడ్డకట్టడం, మోకాలు బిగుసుకుపోవడం అరుదు. పెద్ద ధమనికో నరానికో గాయం చాలా అరుదు, కానీ జరిగితే తీవ్రం. మోకాలికి కెమెరా ఆపరేషన్లు చేసేవారందరూ వెనక గదిలోకి వెళ్లరు. "ఇలాంటివి మీరు తరచూ చేస్తారా?" అని అడగడం రోగి హక్కు. ఆ ప్రశ్నకు నొచ్చుకునే వైద్యుడి దగ్గర తొందరపడి చేయించుకోకండి.

ఆపరేషన్‌కు ముందు డాక్టరుకు ఏం చెప్పాలి?

గుండె కోసమో పక్షవాతం కోసమో రక్తం పలచబరిచే మాత్రలు వాడుతుంటే తప్పకుండా చెప్పండి, మీ అంతట మీరు మానకండి. షుగరు, బీపీ, ఆస్తమా, కీళ్లవాతం మందులు, ఇదివరకు కాలిలో రక్తం గడ్డకట్టిన సంగతి చెప్పండి. ఆకుమందులు, చూర్ణాలు వాడుతుంటే అవీ చెప్పండి, కొన్ని రక్తస్రావాన్ని పెంచుతాయి. ఇంట్లో బ్లేడుతో మోకాలి దగ్గర గీసుకోకండి. ఆ చిన్న గాట్లలో సూక్ష్మజీవులు చేరతాయి.

ఇంటికి వెళ్లాక ఏం చేయాలి?

మెనిస్కస్‌కు కుట్లు వేయకపోతే చేతికర్ర సాయంతో అదే సాయంత్రమో మర్నాడో నడవవచ్చు. కుట్లు వేస్తే కొన్ని వారాలు ఆ కాలి మీద పూర్తి బరువు వేయకూడదు, మోకాలు ఎక్కువ మడవకూడదు. మీది ఏ రకమో డిశ్చార్జి కాగితం మీద స్పష్టంగా రాయించుకోండి.

మొదటి మూడు రోజులు ఐసు ముక్కలు తువ్వాలులో చుట్టి పావుగంట చొప్పున రోజుకు నాలుగైదుసార్లు పెట్టండి. పాదాలను గంటకోసారి పైకీ కిందికీ పంపు కొట్టినట్టు ఆడించండి. పిక్కలో రక్తం నిలవకుండా చూసేది అదే. ఇక అందరూ చేసే పొరపాటు ఒకటుంది: మోకాలి కింద దిండు. హాయిగా ఉంటుంది, నిజమే. కానీ రోజంతా కాస్త మడిచి ఉంచితే వెనక భాగం అలాగే బిగుసుకుపోతుంది, తరువాత కాలు నిటారుగా రాదు. దిండు పెట్టాలంటే మడమ కింద పెట్టండి, మోకాలి కింద ఖాళీ ఉండాలి. మడమ కింద చుట్టిన తువ్వాలు పెట్టి, మోకాలిని మంచానికి ఆనించే ప్రయత్నం చేస్తూ తొడ కండరాన్ని బిగించి పది అంకెలు లెక్కపెట్టండి. పూటకు పదిసార్లు. ఈ చిన్న వ్యాయామం మానినవారు ఆరు వారాల తరువాత కుంటుతూ రావడం చూశాను.

పది నుంచి పద్నాలుగు రోజుల్లో కుట్లు తీస్తారు. అప్పటిదాకా గాట్లు తడవకూడదు. జ్వరం, చీము, తగ్గాల్సింది పోయి పెరుగుతున్న పిక్క నొప్పి, పాదం చల్లబడడం, వేళ్లు కదలకపోవడం, వీటిలో ఏది కనిపించినా అర్ధరాత్రైనా ఆసుపత్రికి ఫోను చేయండి.

ఎప్పటికి మామూలు పనులు చేసుకోవచ్చు?

కూర్చుని చేసే ఉద్యోగానికి ఒకటి రెండు వారాలు. బండి నడపడానికి రెండు మూడు వారాలు, బ్రేకు గట్టిగా తొక్కగలిగాకే. పొలం పనికి, ముఖ్యంగా వంగి నాట్లు వేసే పనికి, బరువులు మోసే పనికి ఆరు వారాలు ఆగాలి. మెనిస్కస్ కుట్టినవారికి గొంతుకూర్చోవడం, బాసింపట్టు, నమాజులో మోకాళ్ల మీద కూర్చోవడం మూడు నాలుగు నెలలు వద్దు. ఇంట్లో కమోడు లేకపోతే ప్లాస్టిక్ కమోడు కుర్చీ ఒకటి ముందే తెచ్చి పెట్టుకోండి. తిరుమలకు నడిచి వస్తానని మొక్కుకున్నవారు ఎప్పుడు వెళ్లమంటారని అడుగుతారు. తొడ కండరం రెండో కాలితో సమానమయ్యాక వెళ్లండి, దిగేటప్పుడు బస్సు ఎక్కండి. మోకాలికి ఎక్కడం కన్నా దిగడమే ఎక్కువ భారం.

ఆకు పసరు, పట్టీ కడితే కరగదా?

పసరు చర్మం దాటి కీలులోకి పోదు. కొందరికి చర్మం పొక్కి, ఆపరేషన్‌ను వారాల తరబడి వాయిదా వేయాల్సి వచ్చింది. బిగుతు కట్టు కడితే సిర మీద ఒత్తిడి పెరుగుతుంది.

ఖర్చు ఎంత? ఆరోగ్యశ్రీ వర్తిస్తుందా?

మెనిస్కస్ కుట్టాలా, లోపల ఏ పరికరాలు వాడతారు, ఏ ఊరు, ఏ గది అన్నదాన్ని బట్టి ఖర్చు మారుతుంది. పథకం వర్తించడం కూడా గడ్డ పేరు మీద కాక, కీలులో చేసే పని పేరు మీద ఆధారపడి ఉండవచ్చు. పథకం అమలయ్యే ఆసుపత్రుల్లో ఆరోగ్యమిత్ర ఉంటారు. ఎంఆర్‌ఐ రిపోర్టు, కార్డు పట్టుకెళ్లి ముందే అడగండి. బీమా ఉన్నవారు ముందస్తు అనుమతి కాగితంలో మెనిస్కస్ పని, తిత్తి పని రెండూ రాయించండి. ఒకటి వదిలేస్తే తరువాత ఆ డబ్బు ఇంటి నుంచే కట్టాల్సి రావచ్చు.

ఆపరేషన్ అయ్యాక కూడా స్కానింగ్‌లో తిత్తి కనిపిస్తోంది. వృథా అయిందా?

ఈ ప్రశ్న అడిగేటప్పుడు గొంతు వణికినవారిని చూశాను. కంగారు పడకండి. దారి తెరిచాక సంచి ఒక్కరోజులో మాయం కాదు, నెలల తరబడి మెల్లగా ముడుచుకుంటుంది. కొందరిలో చిన్న తిత్తి ఎప్పటికీ రిపోర్టులో ఉంటుంది, మనిషికి మాత్రం ఏ బాధా ఉండదు. నేను రిపోర్టు పక్కన పెట్టి మూడు అడుగుతాను: మోకాలు పూర్తిగా మడుస్తున్నారా, పూర్తిగా చాపుతున్నారా, మెట్లు దిగేటప్పుడు వెనక బిగుతు ఉందా? జవాబులు బాగుంటే మళ్లీ స్కానింగ్ తీయించవద్దంటాను. గడ్డ మునుపటంత పెరిగి బిగుతు తిరిగి వస్తే మాత్రం కీలులో ఊట ఆగలేదని అర్థం. అప్పుడు అరుగుదల ముదిరిందా, కీళ్లవాతం ఉందా అని ముందువైపు నుంచి పరీక్ష మళ్లీ మొదలుపెడతాం.